గీజర్ తీసేసి హీట్ పంప్ పెట్టాలా? ముందు బకెట్లు లెక్కపెట్టండి

ఈ రోజు టాపిక్ హీట్ పంప్ వాటర్ హీటర్. "అన్నా, చలికాలం వస్తే గీజర్‌తో కరెంటు బిల్లు మోత మోగిపోతోంది. హీట్ పంప్ పెడితే మూడో వంతుకి దిగుతుందంట కదా, ఏది కొనాలి?" అని చాలామంది అడుగుతున్నారు. మూడో వంతు అనే మాట దాదాపు నిజమే. కానీ ఏది కొనాలి అన్నదానికంటే ముందు, మీ ఇంటికి అసలు అది గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది తేల్చుకోవాలి. ఎందుకంటే దీని ధర మామూలు గీజర్ ధరకి చాలా రెట్లు ఉంటుంది.

ముందు అది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను. గీజర్‌లో ఒక ఎలిమెంట్ ఉంటుంది. కరెంటు పోతే అది వేడెక్కి నీళ్లని వేడి చేస్తుంది. 1 యూనిట్ కరెంటు ఇస్తే 1 యూనిట్ వేడి, అంతకంటే ఎక్కువ రాదు. హీట్ పంప్ వేడిని పుట్టించదు, బయట గాలిలో ఉన్న వేడిని మోసుకొచ్చి నీళ్లలో పెడుతుంది. మీ ఇంట్లో ఫ్రిజ్ పక్కన చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. లోపలి వేడిని బయటికి తోసేస్తోంది కాబట్టే కదా! ఇదీ అదే మిషన్. లోపల గ్యాస్ బయట గాలికంటే చల్లగా ఉంటుంది, అందుకే గాలి నుంచి వేడి లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ గ్యాస్‌ని నొక్కితే బాగా వేడెక్కుతుంది, ఆ వేడి నీళ్లకి పోతుంది. 1 యూనిట్ కంప్రెసర్ తింటుంది, గాలి నుంచి 2 యూనిట్లు వస్తాయి, మొత్తం 3 యూనిట్ల వేడి నీళ్లలోకి. దీన్నే సీవోపీ 3 అంటారు.

సరే, ఇప్పుడు లెక్కలోకి వద్దాం. నలుగురున్న ఇల్లు, మనిషికి 25 లీటర్లు, అంటే రోజుకి 100 లీటర్ల వేడినీళ్లు. చలికాలంలో ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు ఉన్నాయనుకుందాం, మనకి 45 కావాలి. దీనికి పట్టేది దాదాపు 2.9 యూనిట్లు. ఇది ఫిజిక్స్ అండీ, ఏ కంపెనీ గీజర్ అయినా తప్పదు. రోజుకి 3 అనుకోండి, నెలకి 90 యూనిట్లు. అదే పని సీవోపీ 3 ఉన్న హీట్ పంప్ 30 యూనిట్లతో చేస్తుంది. నెలకి 60 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే 480 రూపాయలు.

బాగానే ఉంది కదా? ఆగండి. మన హైదరాబాద్‌లో, వరంగల్‌లో, విజయవాడలో చాలా ఇళ్లలో వేడినీళ్లు ఎన్ని నెలలు వాడతారు? నాలుగు నెలలు అనుకుంటే ఏడాదికి మిగిలేది 1,920 రూపాయలు. గీజర్‌కీ దీనికీ ధరలో తేడా 50 వేలు అనుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి 26 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు మిషన్ ఉంటుందన్న నమ్మకం లేదు. మా ఇల్లు ఇదే లెక్కలోకి వస్తుంది, అందుకే మా ఇంట్లో ఇప్పటికీ గీజరే.

ఇప్పుడు మా పెదనాన్న వాళ్ల ఇల్లు తీసుకోండి. ఎనిమిది మంది, పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులు, ఒక చంటిపాప. ఎండాకాలం రెండు నెలలు తీసేస్తే మిగతా పది నెలలూ వేడినీళ్లే. రోజుకి 200 లీటర్లు, రోజుకి 4 యూనిట్లు ఆదా, ఏడాదికి 1,200 యూనిట్లు. 8 రూపాయల చొప్పున 9,600. తేడా 60 వేలు అనుకున్నా ఆరేళ్లు దాటగానే డబ్బు వచ్చేసినట్టే. నీళ్లు అంత చల్లగా లేని నెలల్లో ఆదా కొంచెం తగ్గుతుంది, కాబట్టి ఏడో ఎనిమిదో అనుకోండి. అయినా ఇక్కడ ఆలోచించొచ్చు. మిషన్ అదే, ఊరు అదే. తేడా అంతా బకెట్లలోనే ఉంది.

ఇంకో మాట, మీ యూనిట్ రేటు బిల్లు చూసి వేసుకోండి. వాడకం పెరిగే కొద్దీ పై స్లాబ్ రేటు పడుతుంది, అంటే పెద్ద ఇళ్లలో మిగిలే యూనిట్లు ఖరీదైన యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లయితే, చలికాలంలో గీజర్ వల్ల 200 యూనిట్లు దాటుతున్నారేమో మీటర్ చూసుకోండి. దాటితే ఆ నెల జీరో బిల్లు రాదు.

లెక్క కుదిరి కొనాలనుకున్నవాళ్లు షాపులో ఇవి అడగండి.

ఒకటి, సీవోపీ ఎంత అని మాత్రమే అడక్కండి. గాలి ఎన్ని డిగ్రీలున్నప్పుడు, నీళ్లని ఎంతవరకు కాచినప్పుడు ఆ నంబర్ వచ్చిందో అడగండి. వేడి గాలిలో, తక్కువ వేడికి కొలిస్తే ఎవరి నంబరైనా అందంగానే ఉంటుంది.

రెండు, ట్యాంక్ సైజు. ఇది గీజర్‌లా పావుగంటలో కాచదు. చిన్న మిషన్ అయితే 100 లీటర్లకి రెండు గంటలు పట్టొచ్చు. అందుకే రోజుకి సరిపడా ట్యాంక్ ఉండాలి.

మూడు, పెట్టే చోటు. దీనికి గాలి ఆడాలి, చల్లగాలి బయటికి వదులుతుంది, నీళ్లు కారతాయి, ఫ్రిజ్ కంటే ఎక్కువ చప్పుడు. మూసేసిన చిన్న బాత్రూంలో పెడితే దండగ. బాల్కనీయో, యుటిలిటీయో ఉండాలి. అపార్ట్‌మెంట్ వాళ్లు ముందు టేపు పెట్టి కొలవండి.

నాలుగు, బోరు నీళ్లు. ఉప్పు నీళ్లకి ట్యాంక్ తట్టుకోవాలి. లోపల పూత ఏంటి, ఆనోడ్ రాడ్ ఎన్నాళ్లకి మార్చాలి, దాని ధరెంత అని అడగండి.

ఐదు, చాలా ముఖ్యం. చాలా మిషన్లలో తోడుగా మామూలు ఎలిమెంట్ కూడా ఉంటుంది. అది ఎప్పుడూ ఆన్‌లో ఉంటే మీరు కొన్నది ఖరీదైన గీజరే. ఫిట్టింగ్ రోజే ఆ సెట్టింగ్ ఎక్కడుందో చూపించుకోండి.

పెట్టాక టైమర్ మధ్యాహ్నానికి పెట్టండి. తెల్లవారుజామున 15 డిగ్రీల గాలి కంటే మధ్యాహ్నం 28 డిగ్రీల గాలి నుంచి వేడి లాగడం తేలిక. ట్యాంక్ ఇన్సులేషన్ బాగుంటే నీళ్లు పొద్దున్నదాకా వేడిగానే ఉంటాయి. మేడ మీద సోలార్ ప్యానెల్స్ ఉంటే ఇంకా మంచిది. రోజూ 50 డిగ్రీలు చాలు, బ్యాక్టీరియా పెరగకుండా వారానికోసారి 60 దాటనివ్వండి.

ఇక గీజరే చాలు అనుకున్నవాళ్లకి. 15 లీటర్ల గీజర్‌లో 2 కిలోవాట్ల ఎలిమెంట్ ఉంటే, చల్లటి నీళ్లు 50 డిగ్రీలకి రావడానికి పావుగంట చాలు. స్నానానికి పావుగంట ముందు వేసి, అయ్యాక ఆపేయండి. గీజర్ మీద ఉండే స్టార్లు కాగిన నీళ్ల వేడి ఎంత వృథా అవుతోందో చెప్తాయి. అంతే కానీ 5 స్టార్ అయితే సగం కరెంటుతో నీళ్లు కాగుతాయని కాదు. సొంత మేడ ఉంటే సోలార్ వాటర్ హీటర్ కూడా చూడండి.

కాబట్టి షాపుకి వెళ్లే ముందు ఒక వారం పాటు మీ ఇంట్లో రోజుకి ఎన్ని బకెట్ల వేడినీళ్లు వాడుతున్నారో రాసుకోండి. బకెట్లు ఎన్ని, నెలలు ఎన్ని, యూనిట్ రేటు ఎంత, ఈ మూడూ కామెంట్‌లో పెట్టండి. నేను లెక్క వేసి చెప్తాను. ఉంటానండీ.