పక్క బ్యాచ్‌కీ అదే వస్తుందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పదో తరగతిలో లఘులోలకం ప్రయోగం మీకు గుర్తుండే ఉంటుంది. దారానికి గుండు కట్టి ఊపడం, ఇరవై డోలనాలకు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవడం. మా బ్యాచ్ వాళ్లం గుండు ఊపనే లేదు. రావలసిన జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి రికార్డు నింపేశాం. సైన్సు మాస్టారు చూసి, "మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ సరిగ్గా 40 సెకన్లేనా? ఒక్కసారైనా చెయ్యి తడబడలేదురా?" అన్నారు. పక్క బ్యాచ్ వాళ్లను పిలిచి మా ఎదుటే చేయించారు. మూడుసార్లకు మూడు అంకెలు వచ్చాయి. "మీరు రాసింది పక్క బ్యాచ్‌కీ వస్తేనే సైన్సు" అన్నారు.

తరవాత ముప్ఫై ఏళ్లు కాంక్రీటు పనుల్లో ఉన్నాను. 28 రోజులకు క్యూబులు పగలగొట్టి బలం చూస్తాం. నిజంగా పగలగొడితే అంకెలు కాస్త అటూ ఇటూ వస్తాయి. అన్నీ ఒకేలా ఉన్న రిజిస్టరు కనబడితే ఇప్పటికీ నాకు మాస్టారి మాటే గుర్తొస్తుంది.

వైద్య పరిశోధనలో ఇలాంటి దొంగ రికార్డులు రాసినవాళ్లున్నారు. జపాన్‌లో యోషితాకా ఫుజీ అనే మత్తు డాక్టరు, ఆపరేషన్ తరవాత వచ్చే వాంతులకు మందుల మీద వరసగా పత్రాలు అచ్చువేయించాడు. వేర్వేరు మందులు ఇచ్చినా తలనొప్పి వచ్చినవాళ్ల సంఖ్య మాత్రం అన్ని గుంపుల్లో దాదాపు ఒకటే. 2000లోనే కొందరు డాక్టర్లు ఒక వైద్య పత్రికకు ఉత్తరం రాసి దీన్ని ఎత్తిచూపారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2012లో జాన్ కార్లైల్ అనే బ్రిటిష్ మత్తు డాక్టరు ఫుజీవి 168 ప్రయోగాలు లెక్కవేసి, అంకెలు సహజంగా అలా రావడం దాదాపు అసాధ్యమని చూపించాడు. అదే ఏడాది జపాన్ విచారణ సంఘం 212 పత్రాలు పరిశీలించి, 172లో కల్పన ఉందని తేల్చింది. అంటే, అనుమానం నుంచి తీర్పుకు పన్నెండేళ్లు పట్టింది.

ఇందులో రోగి ప్రాణమూ ఉంది. జర్మనీలో యోఅఖిమ్ బోల్ట్ అనే డాక్టరు పత్రాలు ఎన్నో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. విషమ స్థితిలో ఉన్నవాళ్లకు నరంలోకి ఎక్కించే ఒక రకం స్టార్చ్ ద్రవం మీద 2013లో అందరి ప్రయోగాలూ కలిపి లెక్క చూశారు. బోల్ట్‌వి ఏడు కలిపితే మరణాల తేడా స్పష్టంగా తేలలేదు. ఆ ఏడూ తీసేస్తే, స్టార్చ్ ఎక్కించిన వాళ్లలో మరణాలు ఎక్కువని బయటపడింది.

ఇవి చదివిన కొత్తలో నేనొక తప్పు చేశాను. ఇంట్లో భోజనాల దగ్గర, "మందుల పరిశోధనలన్నీ దొంగ లెక్కలే" అని ఉపన్యాసం దంచాను. అమ్మ వింది. ఎవరికీ చెప్పకుండా బీపీ మాత్రలు మానేసింది. నెల తిరక్కుండానే కళ్లు తిరిగి పెరట్లో పడింది. ఆసుపత్రిలో చూస్తే బీపీ 200 దాటింది. అదృష్టం, పక్షవాతం రాలేదు. "మానేశావేమ్మా?" అంటే, "నువ్వే అన్నావు కదరా, అంతా అబద్ధమని" అంది. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు కూర్చుని బీపీ మందుల చరిత్ర చదివాను. 1991లో అమెరికాలో అరవై దాటిన 4,736 మందితో చేసిన ప్రయోగం ఫలితం వచ్చింది. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలీదు, డాక్టరుకూ తెలీదు. అయిదేళ్లలో ఉత్తుత్తి మాత్ర వాళ్లలో నూటికి ఎనిమిది మందికి పక్షవాతం వస్తే, అసలు మాత్ర వాళ్లలో అయిదుగురికే వచ్చింది. 1997లో యూరప్‌లో వేరే డాక్టర్లు వేరే మందుతో చేశారు. అక్కడా పక్షవాతాలు బాగా తగ్గాయి. పక్క బ్యాచ్‌కీ అదే వచ్చిందన్నమాట.

కాబట్టి నా మనవి ఒకటే. ఒక్క పత్రం చూసి మందు మొదలుపెట్టకండి, ఒక్క మోసం విని మందు మానకండి. ఎంతమంది మీద చేశారు? దేనితో పోల్చారు? సంబంధం లేని ఇంకొకరు చేస్తే అదే వచ్చిందా? ఈ మూడూ అడగండి. మానాలనిపిస్తే ముందు మీ డాక్టరును అడగండి. ఫుజీని పట్టుకున్నదీ డాక్టర్లే, లెక్కలు సరిచూసే డాక్టర్లు.

అమ్మ ఇప్పుడు మాత్రలు తప్పకుండా వేసుకుంటోంది. నేనే భోజనాల దగ్గర తక్కువ మాట్లాడుతున్నాను.

మాస్టారూ, మొన్న మా అమ్మాయితో కలిసి ఆ లోలకం ప్రయోగం నిజంగా చేశాను. 39.8, 40.4, 40.2 వచ్చాయి. నలభై ఏళ్లు ఆలస్యమైంది, రికార్డు మీద సంతకం పెట్టండి.

సెలవు.