సినిమా లేని ఎలుగుబంటి

ఈ రోజు ఒక టెడ్డీ బేర్ గురించి మాట్లాడుకుందాం. పేరు డఫీ.

థీమ్ పార్క్ షాపులో మామూలుగా ఏ బొమ్మలుంటాయి? మనం సినిమాలో చూసినవాళ్లే. కథ ముందే తెలుసు, బొమ్మ తర్వాత కొంటాం. డఫీది రివర్స్. జపాన్‌లోని టోక్యో డిస్నీసీ పార్కులో 2005లో ఈ పేరుతో వచ్చినప్పుడు దీని వెనక సినిమా ఏమీ లేదు. ఉన్నదల్లా చిన్న కథ: మిక్కీ ఓడెక్కి దూరం వెళ్తుంటే, ఒంటరిగా ఉండకూడదని మిన్నీ కుట్టి ఇచ్చిన ఎలుగుబంటి ఇది. అంతే. వెళ్లిన ఊళ్లలో ఏం జరిగిందో కొన్నవాళ్లే ఊహించుకోవాలి. జనం దానికి రకరకాల డ్రెస్సులేసి, వెంట తిప్పుతూ ఫొటోలు తీసుకుంటారు. వ్యాపారమే, కాదనను. కానీ ఆ ఖాళీ పిల్లలకి పనికొస్తుంది.

నేను మా అక్క కూతురికి బటన్ నొక్కితే మాట్లాడే బొమ్మ కొన్నాను. నాలుగే డైలాగులు. మూడో రోజుకే మూలన పడేసింది. కొన్నాళ్లకి బ్యాటరీ కూడా అయిపోయింది. బావ సెలవు అయిపోయి దుబాయ్ వెళ్లే రోజు చూస్తే, దాన్ని ఆయన సూట్‌కేసులో సర్దుతోంది.

"ఇదెందుకే?" అన్నా.

"అక్కడ రాత్రిపూట నాన్నకి కథ ఎవరు చెప్తారు మావయ్యా?" అంది.

బావ ఏమీ అనలేదు. రెండు చొక్కాలు తీసేసి చోటిచ్చాడు.

ఈసారి బొమ్మ కొనేముందు ఒక్కటే చూడండి: అది పిల్లలకి కథ చెప్తుందా, పిల్లలచేత చెప్పిస్తుందా?