మన పట్టభద్రులు ఏమి పరిశోధింపవలెను?

(మన సంఘ సర్వసభ్య సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



మన కుటుంబములనుండి యం.ఏ., పిహెచ్.డి. చదువులకు పోవు బాలబాలికల సంఖ్య ఏటేట పెరుగుచున్నది. వారిలో కొందఱు మాకడకు వచ్చి, "మన తెలుగువారినిగూర్చి ఏదేని వ్రాయవలెనని యున్నది; విషయము సెలవిండు" అని అడుగుచున్నారు. వారికి విడివిడిగా చెప్పుచు వచ్చిన దానినే నేడు సభాముఖమున విన్నవింపదలచితిమి.

సామాన్యముగా వారు తెచ్చు విషయము ఒక్కటే. ఫలానా జిల్లాలో తెలుగువారెందఱు, మూతపడిన తెలుగు బడులెన్ని, పిల్లలకు తెలుగు చదువ వచ్చునా రాదా. ఈ లెక్కలు వ్యర్థములని మేమనము. 1956 నాటి ఏడవ రాజ్యాంగ సవరణచే 350-ఎ, 350-బి అధికరణములు చేరినవి. తరగతిలో 10 మంది గాని, బడిలో 40 మంది గాని ఉన్నయెడల మాతృభాషలో ప్రాథమిక బోధన జరుగవలెననియు, ఒక ప్రాంతమున నూటికి 15 వంతుల జనమున్నచో ముఖ్య ప్రకటనలు వారి భాషలో వెలువడవలెననియు ఏర్పాట్లు గలవు. అర్జీ వ్రాయవలెనన్న తలలు లెక్కింపక తప్పదు. కాని ఈ రక్షణలన్నియు బడివరకు, ప్రకటన పలకవరకు వచ్చి నిలిచిపోవును. మగ్గముల షెడ్డులో, బ్యాంకు కౌంటరుకడ, ఆసుపత్రి చీటీల వరుసలో ఏ అధికరణమును మన వెంట రాదు. అచ్చట మన బ్రతుకు, మనమన్న మాటను ఎదుటివాడు ఎట్లు గ్రహించెనన్న దానిమీద ఆధారపడియుండును. పరిశోధింపవలసినది అదియే యని మా అభిప్రాయము.

ఇందుకు మార్గము చూపిన పండితుడొకడు కలడు. జాన్ గంపర్జ్ 1922లో జర్మనీ దేశమున జన్మించి, 1939లో అమెరికా చేరెను. మొదట రసాయనశాస్త్రము చదివి, పిదప భాషాశాస్త్రమునకు మఱలెను. 1954లో మిచిగన్ విశ్వవిద్యాలయమున ఆయన సమర్పించిన సిద్ధాంతగ్రంథము, ఆ రాష్ట్రములోని వాష్టెనా మండలమున స్థిరపడిన జర్మను రైతుల స్వాబియను మాండలికమునుగూర్చినది. ఆ రైతుల పూర్వులు ఏ పల్లెనుండి వచ్చిరన్నదానికంటె, క్రొత్త గడ్డపై ఏ చర్చిలో, ఏ గుంపుతో కలిసి మెలగిరన్నదియే వారి మాటను మలచెనని ఆయన కనుగొనెను. ఒకే పట్టణమున రెండేసి తెలుగు సంఘములు నెలకొల్పుకొను మనవారు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవచ్చును.

తరువాత ఆయన భారతదేశమునకు వచ్చెను. మహారాష్ట్రములోని సాంగ్లీ జిల్లాలో కుప్వాడ్ అను గ్రామము ఉండెడిది. 1998 నుండి అది సాంగ్లీ, మిరజ్‌లతోపాటు ఒకే నగరపాలక సంస్థలో చేరినది. రాబర్ట్ విల్సనుతో కలిసి ఆయన ఆ గ్రామమునుగూర్చి వ్రాసిన వ్యాసము 1971లో అచ్చయ్యెను. నాడు ఆ ఊరి జనము మూడువేలకు పైచిలుకు. జైనులు, లింగాయతులు కన్నడమును, ముస్లిములు ఉర్దూను, భూమిలేని దళితులు మరాఠీని ఇండ్లలో మాటాడుచుండిరి. వీరుగాక త్రాళ్లు పేనుకొని బ్రతుకు కొలదిపాటి కుటుంబములవారు తెలుగు మాటాడుచుండిరి. మగవారిలో పెక్కురకు రెండు మూడు భాషలు వచ్చును. భిన్న కులములవారు కలిసినపుడు మరాఠీ నడచుచుండెను. భూస్వాములైన రెండు పెద్ద వర్గములలో దేనికిని అది ఇంటి భాష కాకపోవుటచే ఎవరికిని చిన్నతనము కాలేదు.

శతాబ్దములుగా ఇట్లు కలిసియుండుటచే ఆ భాషల వాక్యనిర్మాణము ఒకే అచ్చులోనికి వచ్చినదట. "కొంచెము ఆకుకూర కోసి తీసికొని వచ్చితిని" అను భావముగల వాక్యమును మూడు భాషలలో ఒకదానిక్రింద నొకటి వ్రాసి చూపినచో, మాటకు మాట, ప్రత్యయమునకు ప్రత్యయము సరిపోవుచున్నవి. మాటలు మాత్రము వేరు. వాక్యపు ఎముకలు ఒక్కటైనను ఎవరి ఇంటిభాష వారికి నిలిచినది. పిల్లవాని తెలుగులో తమిళపు పోకడ వినబడగనే తెలుగు చచ్చిపోయినదని గుండెలు బాదుకొను పెద్దలు కుప్వాడ్ వృత్తాంతమును శ్రద్ధగా చదువవలెను. హోసూరు తెలుగును, బళ్లారి తెలుగును విని కోస్తానుండి వచ్చిన బంధువులు నవ్వుదురు. మన పిల్లలు ఆ నవ్వునకు జడిసి పెండ్లిపందిళ్లలో ఇంగ్లీషునకు దిగుదురు. మనలను వెలిపెట్టువారు ఎల్లప్పుడు పరభాషలవారే కారు. పైగా మనకు "ప్రవాసాంధ్రులు" అని ఒక బిరుదు. హోసూరు రైతు ఎక్కడికి ప్రవాసము పోయెను? అతడు ఉన్నచోటనే యుండెను. 1953లోను 1956లోను ఎల్లలే అతనికి ఆవల పడినవి.

ఇంకొక సంగతి. ఆ వ్యాసములోని ఉదాహరణలు ఉర్దూ, మరాఠీ, కన్నడములలోనే యున్నవి. తెలుగు వాక్యమొక్కటియు లేదు. త్రాళ్లు పేనువారు కొద్దిమంది యగుటచే పేరు చెప్పబడిరి గాని వారి మాట వినబడలేదు. లోకమంతట భాషాశాస్త్ర విద్యార్థులు చదువు ఆ వ్యాసమున మనవారి పాలు అంతియే.

గంపర్జ్ కృషిలో మన పనిచోట్లకు మిక్కిలి అక్కఱకు వచ్చు భాగము ఇంగ్లండున జరిగినది. అచ్చటి ఒక పెద్ద విమానాశ్రయమున సిబ్బంది భోజనశాలలో క్రొత్తగా చేరిన భారత, పాకిస్తాను స్త్రీలు వడ్డన చేయుచుండిరి. వారు పెడసరము మనుషులని పైయధికారియు, సరకులు మోయు పనివారును సణుగుకొనుచుండిరి. తమను పరాయివారుగా చూచుచున్నారని ఆ స్త్రీలకు బాధ. తీరా పరిశీలింపగా ఇరువురి నడుమ నడచు మాటలు ఒకటి రెండుకంటె లేవు. మాంసము తీసికొన్నవానిని, పైన పోయు గ్రేవీ కావలెనా యని అడుగవలెను. ఆంగ్లేయ స్త్రీ "గ్రేవీ" యను ఒక్కమాటను స్వరము పైకెత్తి పలుకును; అది ప్రశ్న. మన స్త్రీ అదే మాటను స్వరము దించి పలుకును. వినువానికి అది "ఇది గ్రేవీ" యన్నట్లు తోచును. కన్నులకు కనబడుచున్నదానిని చెప్పనేల? పొగరుకాక మఱేమి యని అతడు తలచును.

గంపర్జ్ బృందము ఈ సంభాషణలను టేపు చేసి ఇరుపక్షములవారికి వినిపించెను. మొదట మన స్త్రీలకు భేదమే తెలియలేదు. వివరించి చెప్పగా, తమకు ఇంతకాలము అర్థముకాని ముఖములు ముడుచుకొనుటకు కారణము తెలిసినది. ఆ స్త్రీలు అడుగు తీరే అదియనియు, అందు అమర్యాద లేదనియు అధికారులును గ్రహించిరి. ఈ విషయములపై బి.బి.సి. 1979లో "క్రాస్‌టాక్" అను చలనచిత్రమును ప్రసారము చేసెను. 1982లో గంపర్జ్ తన గ్రంథమున దీనిని విపులముగా వ్రాసెను. ప్రతి అన్యాయమును స్వరభేదముచే పుట్టినదే యని ఎవరైన దీనినుండి సిద్ధాంతము చేయబోయినచో మేమొప్పుకొనము. ద్వేషము ద్వేషమే. కాని ఏది ద్వేషమో, ఏది వినికిడి లోపమో వేఱుచేసి చెప్పగలవాడు లేకున్న రెండింటికిని మందు లేదు.

తెలుగున ప్రశ్నకు స్వరముతో పెద్ద పనిలేదు. "కావాలి" యన్నది "కావాలా" యగుటకు కడపటి అచ్చొక్కటి చాలును. కనుక స్వరముతోనే అడుగు భాషలోనికి పోయినపుడు మనకు తెలియకయే తడబాటు కలుగును. మాటల తడబాట్లు ఇంతకంటె తేలికైనవి, వినోదకరమైనవి గూడ. మనకు అవసరమనగా అక్కఱ. తమిళమునను కన్నడమునను తొందర. "ఈ కాగితము మీకు కావలెనా" యని గుమాస్తా అడుగగా మనవాడు అక్కఱలేదను తలంపుతో "అవసరం ఇల్లై" యనును. తొందర లేదనుకొని గుమాస్తా దానిని క్రింది దొంతిలో పెట్టును. ఒడియాలో శిక్షయనగా చదువు. బరంపురపు తెలుగు పిల్లలకు ఇది తరుగని హాస్యము. ఇట్టివి నవ్వు పుట్టించును గనుక దొరకిపోవును. స్వరము, మౌనము, చూపు దించుకొనుట, పేరునకు "గారు" చేర్పకుండుట దొరకవు. వాని మూలముననే ఒకడు మర్యాదస్థుడని, ఒకడు మొండివాడని పేరు పడును.

ఇక మన విద్యార్థులు ఎక్కడికి పోవలెను? మాకు మొదట తోచునది షోలాపురము. తరతరములుగా పద్మశాలీలు అచ్చట మగ్గములమీదను, వారి స్త్రీలు బీడీల మీదను బ్రతుకుచున్నారు. బీడీ చుట్టు స్త్రీ తునికాకును, పొగాకును ఇంటికి గొనిపోయి, చుట్టిన కట్టలను తిరిగి కంపెనీ శాఖకు తెచ్చును. కూలి వేయింటికి ఇంతయని. తనిఖీ చేయువాడు బాగులేదని తీసివేసినవి కూలికి రావు. ఆ బల్లకడ జరుగు సంభాషణ ఎంతసేపటిది? ఏ భాషలో తీసివేయుదురు, ఆమె ఏ భాషలో అడుగును, ఏ మాటకు ఊరకుండును? తనిఖీదారు తెలుగువాడైనచో లెక్క మారునా? ఒక్క బల్లకడ ఒక్క నెల కూర్చుండి వినినచో నూఱు ప్రశ్నాపత్రములకంటె ఎక్కువ తెలియునని మా నమ్మకము. ప్రశ్నాపత్రమునకు మనవారు, "మా మాతృభాష తెలుగు, దానిపై మాకు మిక్కిలి అభిమానము" అని వ్రాసి యిత్తురు, అంతటితో సరి.

మాట దాచుటకు నేడు టేపు యంత్రములు అక్కఱలేదు, జేబులోని ఫోనే చాలును. అందుచేతనే జాగ్రత్త మఱింత కావలెను. ఆ స్త్రీ అనుమతి లేక ఆమె గొంతు దాచరాదు. దాచినదానిని మొదట ఆమెకే వినిపింపవలెను. ఏమి జరిగినదో ఆమె చెప్పగా వ్రాసికొనవలెను. యజమాని చేతికి అది చిక్కరాదు. ఆమె కూలికి భంగము కలుగునట్టి సిద్ధాంతగ్రంథము మన సంఘమునకు వలదు.

ఈ వేసవి సెలవులలో పని ప్రారంభింపదలచినవారు తమ పేర్లు కార్యదర్శిగారికి తెలుపగోరుచున్నాము. సంఘపు పాత మినిట్సు పుస్తకములు వారికి చూపబడును. కుప్వాడ్ పోయి, ఆ త్రాళ్లు పేనువారి మనుమలు నేడు ఏ పనిలో నున్నారో, ఇంట ఏమి మాటాడుచున్నారో కనుగొని రాగలవారు ఒక్కరైనను ఉన్నచో వారి దారిఖర్చులు సంఘమే భరించును.