నడిస్తే నొప్పి, కూర్చుంటే సుఖం

మా పెదనాన్నగారు డెబ్బది యేండ్లు దాటిన తరువాత కూడా సైకిలు తొక్కేవారు. పొలానికీ, పోస్టాఫీసుకూ దానిమీదనే పోయి వచ్చేవారు. అటువంటి మనిషి, వీధి చివరనున్న రామాలయానికి నడిచి రమ్మంటే మాత్రం రాలేననేవారు. వంద గజాలు పోయేసరికి పిరుదులు పట్టివేసినట్లై, తొడలూ పిక్కలూ బరువెక్కి, పాదాలకు తిమ్మిరి వచ్చేదట. దారిలో ఎవరిదో ఒక అరుగు చూచుకొని కూర్చునేవారు. అరుగు లేకపోతే, చెప్పు సరిచేసుకుంటున్నట్లుగా గొంతుకూర్చునేవారు. కొద్ది నిమిషాలలో బాధ పోయేది. లేచి మళ్ళీ వంద గజాలు.

సైకిలు తొక్కగల మనిషి నడవలేకపోవడమేమిటని ఇంట్లో చాటుగా నవ్వుకున్నాము. ఆ నవ్వినవారిలో నేనూ ఒకడిని. ఆయన అబద్ధమాడుతున్నారని ఎవరూ అనలేదు గాని, నిజమని నమ్మినవారూ లేరు. క్రమంగా ఆయన గుడికి పోవడం మానివేశారు. తరువాత పెళ్ళిళ్ళకు పోవడం కూడా మానివేశారు. నేను వైద్యుడను కాను. అయినా ఆయన చెప్పిన ప్రతి మాటకూ వైద్యగ్రంథాలలో ఆధారమున్నదని ఆలస్యంగా తెలుసుకున్నవాడిని గనుక, ఆ సంగతి శ్రోతలకు చెప్పడం నా విధి అనుకుంటున్నాను.

ఈ జబ్బును వైద్యులు స్పైనల్ స్టెనోసిస్ అంటారు. వెన్నుకాలువ ఇరుకుపడడమని మనం చెప్పుకోవచ్చును. నడుములో ఐదు పూసలున్నవి. ఒక్కొక్క పూసకు వెనుకభాగాన ఉంగరం వంటి రంధ్రముంటుంది. ఆ రంధ్రాలు ఒకదాని క్రింద ఒకటి చేరి కాలువవలె ఏర్పడతవి. మెదడునుంచి దిగివచ్చే వెన్నుపాము నడుములోని మొదటి, రెండవ పూసల దగ్గరనే ముగుస్తుంది. అక్కడినుంచి క్రిందికి నరాలు విడివిడిగా, కుచ్చువలె వ్రేలాడుతూ కాళ్ళకూ, మూత్రాశయానికీ, మలద్వారానికీ పోతవి. చూపునకు గుర్రపుతోక వలె ఉండడంచేత శరీరశాస్త్రంలో దానికా పేరే స్థిరపడ్డది.

వయస్సు మీరినకొద్దీ పూసల నడుమనుండే మెత్తని బిళ్ళ, అనగా డిస్కు, నీరు తగ్గి అణగిపోయి ముందువైపునుంచి కాలువలోనికి ఉబ్బుతుంది. పూసల వెనుకనుండే చిన్న కీళ్ళు అరిగి, ఆ అరుగుదలకు బదులుగా ఎముకను పెంచుకొని ప్రక్కలనుంచి ఒత్తుతవి. పూసలను కలిపి ఉంచే పసుపువన్నె బంధనం దళసరియై వెనుకనుంచి ముడుచుకొని వస్తుంది. సాధారణంగా 15 మిల్లీమీటర్లు, అంతకు పైగానూ ఉండవలసిన కాలువలోతు 12కూ, 10కీ దిగిపోవచ్చును. నాలుగవ, ఐదవ పూసల మధ్యనే ఇది ఎక్కువగా జరుగుతుంది. హాలండు దేశంలో ఉట్రెక్ట్ నగరపు శస్త్రవైద్యుడు హెంక్ వెర్బీస్ట్ 1949లోనూ, తిరిగి 1954లో ఇంగ్లీషులోనూ ఈ వ్యాధిని విశదంగా వర్ణించాడు. అంతకు పూర్వం ఇటువంటి వృద్ధులు లేరని కాదు. వారి మాట వినిపించుకున్నవారు తక్కువ.

ఇక సైకిలు రహస్యం. నిటారుగా నిలబడినప్పుడు, నడుము వెనుకకు వంచినప్పుడు ఆ కాలువ మరికొంత ఇరుకవుతుంది. ముందుకు వంగితే వెడల్పవుతుంది. సైకిలు మీద మనిషి ముందుకు వంగి కూర్చుంటాడు. నరాలకు చోటు దొరుకుతుంది. కూరలబండి తోసుకుంటూ మైలు నడవగలిగిన ముసలివాడు వట్టి చేతులతో ఫర్లాంగు నడవలేకపోవడానికి కారణమిదే. కొండమెట్లు ఎక్కేటప్పుడు అంతగా బాధపడనివారు దిగేటప్పుడు బాధపడతారు. ఇంట్లో పెద్దామె ముందుకు వాలి కూర తరుగుకున్నంతసేపూ బాగానే ఉండి, అటకమీది డబ్బా కోసం చేతులెత్తి వెనుకకు వంగేసరికి అబ్బా అంటుంది. ఇవి నటనలు కావు.

అయితే నడకలో వచ్చే ప్రతి నొప్పీ ఇదే అనుకోరాదు. కాళ్ళకు రక్తం తీసుకొనిపోయే నాళాలు పూడుకొన్నా, నడిస్తే పిక్కలు పట్టుకుంటవి. కాని అటువంటివారు నిలబడితే చాలు, నొప్పి తగ్గుతుంది, వంగనక్కరలేదు. వారికి పాదం దగ్గర నాడి బలహీనంగా ఉంటుంది. సైకిలు తొక్కినా నొప్పి వస్తుంది. చక్కెరవ్యాధివల్ల వచ్చే అరికాళ్ళ మంట పడుకున్నా, రాత్రిపూటకూడా ఉంటుంది. పెదనాన్నగారిని చూచిన వైద్యుడు ముందు యంత్రాల జోలికి పోలేదు. “ఆగితే తగ్గుతుందా, కూర్చుంటే తగ్గుతుందా?” అని అడిగాడు, పాదాల నాడి చూచాడు. మావాళ్ళు అడగని ప్రశ్న అదొక్కటే!

ఈ యంత్రాల సంగతి ఒకటి చెప్పాలి. ఎం.ఆర్.ఐ. చిత్రంలో కాలువ ఇరుకుగా కనిపించినంతమాత్రాన జబ్బున్నట్లు కాదు. 1990లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశీలనలో, ఎన్నడూ నడుమునొప్పి ఎరుగని 67 మందికి ఈ పరీక్ష చేశారు. వారిలో 60 ఏండ్లు పైబడినవారిలో అయిదింట ఒకరికి కాలువ ఇరుకుగానే కనిపించింది. చిత్రం, మనిషి చెప్పే బాధ, వైద్యుడు చూచిన లక్షణాలు మూడూ ఏకీభవించాలి. చిత్రాన్ని చూచి హడలిపోయినవారిని నేనెరుగుదును.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కారణం మరొకటి ఉన్నది. త్రాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడును ఏండ్ల తరబడి త్రాగితే ఎముకలూ, బంధనాలూ గట్టిపడి వెన్నుకాలువ మూసుకొనిపోవచ్చును. నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా పల్లెలలో ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి 1937లోనే పరిశోధకులు ప్రకటించారు. నల్లగొండ జిల్లా పల్లెల దురవస్థ తెలుగువారందరికీ తెలిసినదే. మంచినీరు వచ్చినా, అప్పటికే పెరిగిన ఎముక తిరిగి తరగదు. ఆ ఊళ్ళలో పెరిగినవారు ఆ సంగతి వైద్యునితో తప్పక చెప్పవలెను.

చికిత్స మాటకు వస్తే, మొట్టమొదట మంచం దిగవలెను. నడుమునొప్పికి పడక విశ్రాంతి పూర్వం వైద్యులే చెప్పేవారు, నేడు చెప్పరు. పడుకొన్నకొద్దీ కండలు కరిగి, నడక మరింత తగ్గుతుంది. నొప్పి వచ్చేవరకు కాక, రాబోయేముందే ఆగి, కూర్చుని, మళ్ళీ నడవడం మేలు. వెల్లకిల పడుకొని మోకాళ్ళను రొమ్ముకు చేర్చడం, కదలని సైకిలు తొక్కడం, ముందుకు వాలి ఊతబండి పట్టుకొని నడవడం, ఒక్కప్రక్కకు పడుకొని మోకాళ్ళు ముడుచుకోవడం చాలామందికి సుఖమిస్తవి. వ్యాయామాలు తెలిసినవారు నేర్పితే మరీ మంచిది. నొప్పిబిళ్ళలు వృద్ధుల కడుపునూ, మూత్రపిండాలనూ దెబ్బతీయవచ్చును. అంగడిలో కొనుక్కొని నెలల తరబడి మ్రింగరాదు. వేరే కారణమేదీ కనబడని దీర్ఘకాలపు నడుమునొప్పికి పట్టీలు, బరువులు కట్టి లాగడం వద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించింది.

శస్త్రచికిత్సలో పూస వెనుకనున్న ఎముక కప్పును, దళసరియైన బంధనాన్ని తీసి నరాలకు చోటు చేస్తారు. దీనివల్ల తగ్గేది ముఖ్యంగా కాళ్ళ బాధ; నడుములోని పాత నొప్పి అలాగే మిగలవచ్చును. 2015లో అమెరికాలో 169 మందిపై చేసిన పరిశీలనలో, శస్త్రచికిత్సకు కేటాయించినవారూ, వ్యాయామానికి కేటాయించినవారూ రెండేండ్లకు ఇంచుమించు సమానంగానే కోలుకున్నారు. కాని వ్యాయామానికి కేటాయించినవారిలో సగానికి పైగా ఈలోగా శస్త్రచికిత్స చేయించుకున్నారని కూడా చెప్పాలి. కనుక ఇది తొందరపడి తేల్చుకొనేది కాదు. చాలామందికి ఈ జబ్బు ఏండ్ల తరబడి ఒకే స్థితిలో ఉంటుంది. హఠాత్తుగా ముదరడం అరుదు. మరలు, కడ్డీలు బిగించి పూసలను అతికించడం అందరికీ అవసరం కాదు. ఎందుకని అడిగి తెలుసుకొనే హక్కు రోగికున్నది.

ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నవి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, మలంమీద అదుపు తప్పినా, గుదస్థానం చుట్టూ స్పర్శ పోయినా, పాదం వ్రేలాడిపోయినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే వెన్నెముకకు క్షయ గాని, పుండు గాని పట్టినదేమో చూడవలెను.

పెదనాన్నగారు శస్త్రచికిత్స వద్దన్నారు. ఊతబండి తెచ్చి ఇస్తే దానిని మూలన పెట్టించి, తన సైకిలునే తోసుకుంటూ, దాని హేండిలుమీద వాలి గుడికి నడిచి వెళ్ళడం మొదలుపెట్టారు. దారిలో రెండుచోట్ల కూర్చునేవారు. పక్కన నడిచేవాళ్ళం మేమూ కూర్చునేవాళ్ళం.