పుర్రె వయసు, మన వయసు



సాంఘిక శాస్త్రంలో ఆదిమానవుడి బొమ్మ రాగానే తరగతిలో కొందరు తమ వైపు తిరిగి నవ్వుతారని హాస్టల్ పిల్లలు నాతో చెప్పుకుంటారు. వాళ్లకు నేను చెప్పే జవాబే ఈరోజు మీకూ చెబుతాను.

ఆఫ్రికా ఖండంలోని మొరాకోలో జెబెల్ ఇర్హూద్ అనే చోట, 1960ల మొదట్లో ముగ్గురాయి తవ్వే గనిలో ఒక పుర్రె బయటపడింది. పోలిక చూసి నియాండర్తల్ మనిషిదన్నారు. వయసు సుమారు 40,000 ఏళ్లన్నారు. 2004 నుంచి హుబ్లాన్, బెన్-ఎన్సర్ అనే శాస్త్రవేత్తల బృందం అక్కడ మళ్లీ తవ్వింది. 2017లో వచ్చిన లెక్క సుమారు 3,00,000 ఏళ్లు!

ఎలా కొలిచారు? కార్బన్ పరీక్ష సుమారు 50,000 ఏళ్లు దాటితే పనికిరాదు. అందుకని ఎముకలున్న పొరలోనే దొరికిన, నిప్పులో కాలిన చెకుముకి రాళ్లు తీసుకున్నారు. మట్టిలోని సహజ రేడియేషన్ వల్ల రాతిలో ఏటా కొంచెం శక్తి చేరుతుంది. నిప్పులో బాగా కాలితే అదంతా పోయి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ల్యాబ్‌లో మళ్లీ వేడిచేస్తే చేరిన శక్తి వెలుగుగా బయటికొస్తుంది. ఆ వెలుగును బట్టి, రాయి కాలి ఎన్నేళ్లయిందో లెక్కగడతారు. దీన్ని థర్మోల్యుమినిసెన్స్ అంటారు.

ఆ ఎముకల్లో ముఖం చాలావరకు మనలాంటిదే. తల వెనక భాగం మాత్రం మన తలలా గుండ్రంగా కాక పొడవుగా ఉంది. అందుకే వాళ్లను మన మానవజాతి తొలి దశవాళ్లుగా గుర్తించారు.

పిల్లలూ, ఈ రోజు బతికున్న మనుషులందరం ఆ కాలానికి ఒకే దూరంలో ఉన్నాం. మిమ్మల్ని చూసి నవ్వినవాడికీ మీకూ ఒక్క ఏడాది తేడా కూడా లేదు. అడవిలో దుంపలు తవ్వినంత మాత్రాన ఎవరూ పాతకాలపు మనుషులైపోరు. కొన్ని తెగలకు వాడిన ‘ఆదిమ’ అనే మాటను కేంద్ర ప్రభుత్వమే 2006లో మార్చింది. జనం నోట్లో మాత్రం అది ఇంకా ఉంది.

ఇంకో మాట. ‘అందరికంటే ప్రాచీనులం మనమే’ అని మనవాళ్లూ సభల్లో గర్వంగా అంటుంటారు. అదీ ఈ లెక్కకు నిలవదు. మన భాషకూ పాటకూ భూమికీ హక్కు అడగడానికి మనం పాతవాళ్లం కానక్కర్లేదు. ఈనాటి మనుషులం, అది చాలు.

ఇంటర్, డిగ్రీ చదివేవాళ్లు పురావస్తు శాస్త్రం వైపు కూడా చూడండి. మనుషుల వయసు లెక్కగట్టే చోట మనవాళ్లూ ఉండాలి.