పంది ఎందుకు కుంటుతోంది?



కొలిమిగుండ్ల మండలం నాపరాళ్లకు పేరు. బెలూం గుహలు ఉన్నది ఈ మండలంలోనే. సున్నపురాయిని నీళ్లు తొలిచి చేసిన గుహలవి. ఇక్కడ ఇంటి అరుగుకు నాపబండే, వాకిలికి నాపబండే. పందుల కొట్టంలోనూ అదే పరచవచ్చు. బండ ఉంటే పెండ కడగడం సులువు. అయితే ఒక చిక్కు ఉంది. నున్నటి బండ తడిస్తే పంది కాలు జారుతుంది. పగిలిన బండ అంచు గిట్టను కోస్తుంది. 100 కిలోల పంది బరువంతా నాలుగు చిన్న గిట్టల మీదే కదా!

కుంటే పంది సరిగా తినదు. బరువు తగ్గుతుంది. ఈనిన పంది కుంటితే ఇంకా నష్టం. నొప్పి ఓర్చుకోలేక ఒక్కసారిగా పడుకుంటుంది. కింద పిల్లలు నలిగిపోతాయి.

మరి కుంటును ముందే కనిపెట్టడం ఎలా? కుడితి పోసే వేళ చూడాలి. తొట్టి చప్పుడు వినగానే పందులన్నీ పరుగున వస్తాయి. రానిది ఏది? లేవడానికి తంటాలు పడేది ఏది? కుక్కలాగా కూర్చుండిపోయింది ఏది? అదే జబ్బు పంది. దాన్ని మెల్లగా నడిపించాలి. ముందుకాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేలకు ఆనగానే తల పైకి లేపుతుంది. వెనుక కాలు నొప్పిగా ఉంటే అడుగులు చిన్నవిగా వేస్తుంది, వీపు వంచుతుంది.

తర్వాత గిట్ట కడిగి చూడాలి. కోసుకుందా? పగిలిందా? గోరు మరీ పెరిగిందా? కీలు వాచిందా? రెండో కాలితో పోల్చి తాకి చూస్తే వేడి తెలిసిపోతుంది.

ఒక్క పంది కుంటితే తరచుగా అది దెబ్బే. ఉప్పునీళ్లతో కడగాలి. ఎండుగడ్డి పరిచిన పొడి చోట విడిగా ఉంచాలి. తగ్గకపోతే పశువుల డాక్టరుకు చూపాలి. బండ మీద ఉలితో గాట్లు కొట్టిస్తే మళ్లీ జారదు.

రెండు మూడు రోజుల్లోనే నాలుగైదు పందులు కుంటితే అది దెబ్బ కాదు. గిట్టకూ చర్మానికీ మధ్య బొబ్బలు ఉన్నాయా? మూతి మీద బొబ్బలు ఉన్నాయా? జ్వరం ఉందా? ఉంటే గాలికుంటు అని అనుమానించాలి. ఈ రోగం పక్కింటి ఎద్దుకు, ఎనుముకు, గొర్రెకు కూడా అంటుతుంది. రోగం వచ్చిన పందిని సంతకు తోలరాదు. దాచిపెట్టరాదు. వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు చేయాలి. 1962 నంబరుకు ఫోన్ చేసినా సరే.

దాచితే ఏమవుతుంది? 2001లో ఇంగ్లండులో ఒక పందుల దొడ్డిలో ఈ రోగం వచ్చింది. మరగబెట్టని ఎంగిలి మేత వల్లే వచ్చి ఉంటుందని అధికారులు తేల్చారు. పందులకు జబ్బు చేసినా దొడ్డి నుంచి కబురు వెళ్లలేదు. రోగం దేశమంతా పాకింది. 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. అందుకే హోటలు ఎంగిలిని బాగా మరగబెట్టి, చల్లార్చి పోయాలి.

గాలికుంటుకు టీకా ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టీకా పథకంలో పందులు కూడా ఉన్నాయి. "మా పందులకు టీకా ఎప్పుడు వేస్తారు?" అని ఆసుపత్రిలో అడగాలి. అడగడానికి మొహమాటం ఎందుకు?

మేత వేసే చేయి చాలా ఇళ్లలో ఆడవాళ్లదే. కుంటు మొదట కనబడేది ఆ కంటికే. "ఆడవాళ్లకేం తెలుసు" అని ఎవరైనా కొట్టిపారేస్తే, నోటు పుస్తకం తీయాలి. తేదీ, ఏ పంది, ఏ కాలు, ఎన్ని పందులు, మేత తిన్నదా లేదా అని రాసిపెట్టాలి. డాక్టరు అడిగేవి కూడా ఈ మాటలే. నోటిమాటను తోసేయవచ్చు. తేదీ వేసి రాసిన మాటను తోసేయడం అంత సులువు కాదు.