క్షయమునుండి విద్యుత్తు



దీపము తెల్లవారులు వెలుగవలెనన్న నడుమ నడుమ చమురు పోయవలెను. పోయువారే లేని చోట దానికి గతి యేమి? 1977వ సంవత్సరమున అమెరికావారు వాయేజర్ అను రెండు నౌకలను అంతరిక్షమునకు పంపునపుడు ఈ చిక్కే కలిగెను. శనిగ్రహమునకు ఆవల సూర్యరశ్మి మనకు లభించుదానిలో నూరవ పాలైనను ఉండదు.

అందుచే వానియందు అణుబ్యాటరీల నమర్చిరి. అందలి పదార్థము ప్లుటోనియము 238. దాని పరమాణువులు ఎవరి ప్రేరణయు లేక తమంత తామే క్షయించుచు, సూక్ష్మకణములను మహావేగముతో వెలికి జిమ్మును. ఆ కణములు చుట్టునున్న పదార్థమునకు తాకి నిలిచిపోవగా, వాని వేగము వేడిమిగా మారును. అరచేతులు రాచినపుడు వేడి పుట్టుట మన మెరిగినదే కదా!

ఇక వేడిమి విద్యుత్తగుట యెట్లు? రెండు వేర్వేరు లోహపు తీగల కొనలను కలిపి, ఒక కూడలిని వేడిగను, రెండవదానిని చల్లగను ఉంచినచో అందు విద్యుత్తు ప్రవహించును. 1821లో సీబెక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుగొన్న ధర్మమిది. వాయేజరులో లోహములకు బదులు సిలికాను, జర్మేనియముల మిశ్రమము నుంచిరి. ఒక వైపున ప్లుటోనియపు వేడి, వేరొక వైపున ఆకాశపు చలి. తిరిగెడి చక్రము లేదు. మండెడి మంట లేదు.

ఇట్టి బ్యాటరీతో మన యూరి దీపములు వెలిగింపరాదా యని మీరడుగవచ్చును. ఒక్కొక్క నౌకలోని మూడు బ్యాటరీలును కలిసి మొదట నిచ్చినది సుమారు 470 వాట్లు. అది ఒక ఇస్త్రీపెట్టెకైనను చాలదు. దీని గొప్పతనము బలమున లేదు, ఓర్పున నున్నది. ఈ క్షయమును మనము త్వరపెట్టలేము, ఆపలేము. దాదాపు 88 ఏండ్లకు ప్లుటోనియములో సగము తరుగును.

అపాయమును గూడ చెప్పవలెను. ఈ కణములు కాగితమునైనను దాటలేవు. కాని ప్లుటోనియము ధూళియై ఊపిరితో లోనికి పోయినచో మిక్కిలి హానికరము. 1964లో ఒక అమెరికా ఉపగ్రహము కక్ష్యను చేరలేక పడిపోగా, దాని బ్యాటరీ మండి ప్లుటోనియము పై వాతావరణమున కలిసిపోయెను. అటుపిమ్మట, పడినను పగులకుండునట్లు బలమైన తొడుగులు చేయసాగిరి.

వాయేజరులకు ఏటేట నాలుగు వాట్లు తగ్గుచున్నవి. ఆదాయము తరిగిన గృహస్థు ఒక్కొక్క వ్యయమునే మానుకొనునట్లు, శాస్త్రజ్ఞులు ఒక్కొక్క పరికరమునే ఆపుచు వచ్చిరి. 2025 ఫిబ్రవరిలో మొదటి నౌకయందు విశ్వకిరణములను కొలుచు పరికరము నాపిరి. ఉన్నదాని నెరిగి పొదుపుగా వాడుటచేతనే 47 ఏండ్లు గడచిన పిమ్మటను ఆ నౌకలు మనకు వార్తలు పంపగలిగినవి. గృహస్థులమైన మనకు ఈ నీతి క్రొత్తది కాదు.